నెట్ రావట్లేదంటే ఏం చేస్తావు?

డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి పిల్లలు ఇంటికొచ్చిన నాలుగు రోజులకే ఇంట్లో ఒక మాట మొదలవుతుంది: "ఖాళీగా ఎందుకు, హైదరాబాద్ వెళ్లి ఏదన్నా కోర్సు చెయ్యరాదూ?" ఏ కోర్సు అన్నది చాలావరకు చుట్టుపక్కల వాళ్లే తేల్చేస్తారు. పక్కింటి అబ్బాయి జావా చేశాడు గనక జావా, మేనమామ కూతురు టెస్టింగ్‌లో కుదురుకుంది గనక టెస్టింగ్, పేపర్లో క్లౌడ్ అని రాశారు గనక క్లౌడ్. వీటిలో ఏదీ చెడ్డది కాదు. కాకపోతే నాకు చేతనైంది నెట్‌వర్కింగ్. కొన్నేళ్లుగా ఆ పాఠమే చెబుతున్నాను, ఆ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేసే కుర్చీలోనూ కూర్చుంటున్నాను. అందుకని సీసీఎన్ఏ అనే ఒక్క పరీక్షను పట్టుకుని మాట్లాడతాను. సిస్కో సర్టిఫైడ్ నెట్‌వర్క్ అసోసియేట్ దాని పూర్తి పేరు. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే వైర్లు, స్విచ్‌లు, రూటర్లు, వైఫై పెట్టెలు ఉంటాయి కదా, వాటిని నడిపే పనికి ఇది మొదటి మెట్టు.

ఈ సర్టిఫికెట్లు యూనివర్సిటీల్లో పుట్టలేదు. సరుకు అమ్మే కంపెనీలే పుట్టించాయి. యంత్రాన్ని అమ్మేస్తే పని అయిపోదు, కొన్నచోట దాన్ని నడిపే మనిషి ఉండాలి. లేకపోతే రెండో యంత్రం అమ్ముడుపోదు. 1980ల చివర్లో నోవెల్ కంపెనీ ఈ పద్ధతి తెచ్చింది. 1992లో మైక్రోసాఫ్ట్, 1993లో స్విచ్‌లు, రూటర్లు అమ్మే సిస్కో అందుకున్నాయి. సిస్కో విచిత్రం ఏమిటంటే, అన్నిటికన్నా కష్టమైన సీసీఐఈ పరీక్షను ముందు పెట్టి, కొత్తవాళ్లు రాసే సీసీఎన్ఏను ఐదేళ్ల తర్వాత, 1998లో తెచ్చింది. అదే ఏడాది నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అద్దాల మేడ మాదాపూర్‌లో లేస్తే, అందులోకి వెళ్లడానికి తర్ఫీదునిచ్చే గదులు అమీర్‌పేటలో కిక్కిరిశాయి.

మన పల్లెటూరి కాలేజీ పేరు చెబితే హైదరాబాదులోనే చాలామందికి తెలియదు, ఇక బెంగళూరు సంగతి చెప్పక్కర్లేదు. ఈ పరీక్ష మీ కాలేజీ పేరు అడగదు. బీటెక్కా, బీఎస్సీయా, పాలిటెక్నిక్ డిప్లొమానా అనీ అడగదు. డిగ్రీ ఉండి తీరాలన్న నియమమే లేదు. రాసేవాడు గుంటూరు వాడైనా, కాలిఫోర్నియా వాడైనా సిలబస్ ఒకటే. సిఫార్సు చేసే మేనమామ లేని పిల్లకి ఇంతకన్నా నమ్మకమైన సాక్షి నాకు కనబడలేదు. అందుకే దీన్ని చులకన చేసేవాళ్లంటే నాకు కోపం. చులకన చేసేది బయటివాళ్లు కాదు, మనవాళ్లే. ఆ సంగతికి వస్తాను.

ముందు పరీక్ష గురించి నాలుగు ముక్కలు. ఇప్పుడున్న పరీక్ష నంబరు 200-301. 2020 ఫిబ్రవరి నుంచి ఇదే నడుస్తోంది. సమయం 120 నిమిషాలు. ఒక ప్రశ్న దాటి ముందుకు వెళ్లాక మళ్లీ వెనక్కి రావడం కుదరదు. ఎమ్‌సెట్ రాసిన చెయ్యి "తర్వాత చూద్దాంలే" అని వదిలేయడానికి అలవాటుపడి ఉంటుంది. ఇక్కడ ఆ పప్పులుడకవు. అందరూ భయపడే ఐపీ కనెక్టివిటీకి నాలుగోవంతు బరువు, సెక్యూరిటీకి నూటికి 15. ఫీజు 300 డాలర్లు. పన్నుతో కలిపి మన రూపాయల్లో పాతికవేలు దాటుతుంది. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ నిరూపించుకోవాలి.

మనవాళ్లకు తరచూ వచ్చే చిక్కు ఒకటుంది. నమోదు చేసేటప్పుడు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనకుంటుంది, ఇంకో కార్డులో ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం ఉంటుంది. పరీక్ష కేంద్రంలో మీరు చూపించే గుర్తింపు కార్డు మీద పేరు ఎలా ఉందో నమోదులో అచ్చం అలాగే ఉండాలి. తేడా వస్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు, కట్టిన డబ్బు పోయే ప్రమాదం కూడా ఉంది. చదువు మొదలుపెట్టిన నెలలోనే కార్డులన్నీ ముందేసుకుని ఈ పని చక్కబెట్టండి. పాస్‌పోర్టు లేకపోతే దరఖాస్తు చేయండి, ఎలాగూ పనికొస్తుంది.

ఇక తర్ఫీదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిస్తే చేతిలో కరపత్రాలు పడుతూనే ఉంటాయి. గోడలు కనబడవు, ఫ్లెక్సీలే కనబడతాయి. జిరాక్స్ షాపులో ఫలానా సార్ మెటీరియల్ అని అడిగితే పుస్తకంలా కుట్టి ఇచ్చేస్తారు. ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని కోర్సులు ఒకేచోట దొరకడం తేలిగ్గా తీసిపారేసే విషయం కాదు. ఊళ్ల నుంచి వచ్చిన ఎంతమంది జీవితాలో ఆ ఇరుకు సందుల్లో మలుపు తిరిగాయి. కాకపోతే ఎంచుకోవడం రావాలి. డెమో క్లాసు ఎవరైనా బాగానే చెబుతారు, అది చూసి డబ్బు కట్టకండి. ల్యాబ్ చూపించమనండి. ఒక్కొక్కరికీ రోజుకు ఎంతసేపు చేతికి దొరుకుతుందో అడగండి. అక్కడ ఇదివరకటి బ్యాచ్ పిల్లలు టీ తాగుతూ ఉంటారు, వాళ్లను పక్కకు పిలిచి అడగండి, నిజం వాళ్ల దగ్గరుంటుంది. నా దృష్టిలో మంచి ఫేకల్టీ ఎవరంటే, అంతా సక్రమంగా కట్టించి, ఒక యంత్రం ఇంకోదాన్ని పలకరించే పింగ్ వెళ్తోందని అందరికీ చూపించి, పిల్లల్ని టీకి పంపించి, వాళ్లు తిరిగొచ్చేలోగా ఎక్కడో ఒకచోట చెడగొట్టి కూర్చునేవాడు. కట్టడం యూట్యూబ్ చూసైనా వస్తుంది. చెడింది వెతకడమే అసలు చదువు.

వైరు సంగతి తీసుకోండి. రంగుల గురించి రేడియోలో చెప్పడం కాస్త వింతే, అయినా వినండి. నెట్‌వర్క్ కేబుల్ పైతోలు ఒలిస్తే లోపల ఎనిమిది సన్నని తీగలుంటాయి, రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలు. వాటిని విప్పి, సాఫు చేసి, వరుసలో పెట్టి, చివర కత్తిరించి, ప్లాస్టిక్ కనెక్టర్లోకి దూర్చి క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. ఆ వరుస వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. విన్నారుగా, వైట్ గ్రీన్ మూడో చోట ఉంటే దాని జోడు గ్రీన్ ఆరో చోట ఉంది, మధ్యలో నీలం జత దూరింది. కొత్త కుర్రవాడికి ఇది అర్థంలేని తంతులా కనిపిస్తుంది. జతలన్నీ పక్కపక్కనే పెట్టేస్తాడు: ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత. రెండు కొసల్లోనూ అలాగే పెడతాడు. తర్వాత టెస్టర్‌లో గుచ్చుతాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ చక్కగా వరుసలో వెలుగుతాయి. కేబుల్ పాస్!

ఆ కేబుల్ తీసుకెళ్లి యాభై అడుగుల అవతల ఉన్న కంప్యూటర్‌కు తగిలిస్తే, నెట్ వచ్చినట్టే వచ్చి ఈడుస్తుంది. పెద్ద ఫైలు పంపితే తెగిపోతుంది. ఎందుకంటే యంత్రం మూడో తీగనూ ఆరో తీగనూ ఒక జోడీగా వాడుతుంది, ఇతను ఆ రెంటినీ వేర్వేరు మెలికల నుంచి తెచ్చి పెట్టాడు. మెలిక ఉన్నదే పక్క జత రొద తనలోకి రాకుండా ఆపడానికి. మెలిక తప్పాక రొద లోపలికి వచ్చేస్తుంది. చవక టెస్టర్‌కు ఈ సంగతి తెలియదు. ఈ కొస నుంచి ఆ కొసకు తీగ ఉందా లేదా అన్నదే అది చూస్తుంది. ఉంది, అందుకే లైటు వెలిగింది.

డంపులు చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లను ఇంటర్వ్యూలో చూసినప్పుడల్లా నాకు ఈ కేబులే గుర్తొస్తుంది. తెలియని శ్రోతల కోసం చెబుతున్నాను. పరీక్షలో వచ్చిన ప్రశ్నల్ని దొంగతనంగా పోగేసి, జవాబులతో సహా అమ్ముతారు, వాటిని డంపులంటారు. నాలుగు వందల ప్రశ్నలు బట్టీపడితే పాసైపోవచ్చని ఆశపెడతారు. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్లీ పరీక్ష రాయనివ్వరు. దొరకకపోయినా నష్టమే. 1990ల చివర మైక్రోసాఫ్ట్ ఎమ్‌సీఎస్ఈ పట్టా ఉంటే చాలు ఉద్యోగమన్న రోజుల్లో ఇలాగే జరిగింది. సర్వర్‌ను ముట్టుకోని వాళ్లకు కూడా పట్టా వచ్చేసింది. వాళ్లను అమెరికాలో 'పేపర్ ఎమ్‌సీఎస్ఈ'లని ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళి నిజంగా చదివినవాళ్ల మీద కూడా పడింది. ఇందాక కోపమన్నది దీనికే. ఒకడు డంపు చదివి పాసైతే పోయేది అతని పరువు ఒక్కటే కాదు, కాలేజీ పేరు లేని ఆ పిల్లకున్న ఒకే ఒక్క సాక్షి విలువ కూడా పోతుంది. రెడ్‌హ్యాట్ వాళ్లు తమ లినక్స్ పరీక్షల్లో ఈ బాధే లేకుండా చేశారు. అక్కడ జవాబులు ఎంచుకోవడం ఉండదు. నడుస్తున్న యంత్రాన్ని ముందు పెట్టి, ఇది చెయ్, అది చెయ్ అంటారు. చేసిందానికే మార్కులు. అన్ని పరీక్షలూ అలా ఉంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

సరే, వెతకడం అన్నాను కదా, దానికొక వరుసుంది. ఇంటర్వ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఒకాయన ఫోన్ చేసి నెట్ రావట్లేదన్నాడు. ఏం చేస్తావు?" పదిమందిలో ఎక్కువమంది గబగబా "రూటర్ రీస్టార్ట్ చేస్తాను సార్" అంటారు. రూటర్ రీస్టార్ట్ చేస్తే ఆ ఒక్కాయనతో పాటు ఆఫీసులో మిగతా అందరికీ నెట్ పోతుంది. నేను వినాలనుకునే మాట, "ఆయన ఒక్కడికేనా, అందరికీనా అని అడుగుతాను" అన్నది. ఆ ఒక్క ప్రశ్నతో సగం దారి తేలిపోతుంది. ఒక్కడికే అయితే వైరు ఊడిందేమో, స్విచ్ దగ్గర లైటు వెలుగుతోందా లేదా చూడాలి. తర్వాత ఆయన కంప్యూటర్‌కు చిరునామా ఏం వచ్చిందో చూడాలి. 169.254తో మొదలైతే, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి మన కంప్యూటర్‌కు జవాబు రాలేదన్నమాట. విండోస్ తనకు తాను ఒక నంబరు పెట్టుకుని కూర్చుంది. చిరునామా సరిగ్గానే ఉంటే బయటికి దారి ఇచ్చే గేట్‌వేకి పింగ్ కొట్టాలి, తర్వాత బయట ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8కి కొట్టాలి. అక్కడి నుంచి జవాబు వస్తోంది, కానీ పేరు కొడితే సైట్ తెరుచుకోవట్లేదు అంటే దోషం పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌ది. దగ్గర నుంచి దూరానికి, ఒక్కొక్క అడుగు. ఏది బాగుందో తేల్చుకుంటూ పోతే ఏది చెడిందో దానంతటదే మిగులుతుంది.

లెక్కలంటే భయపడే పిల్లల కోసం ఒక చిన్న లెక్క కూడా చెప్తాను, కాగితం అక్కర్లేదు. ఒక కంప్యూటర్ చిరునామా 192.168.10.77. మాస్కు స్లాష్ 26. గేట్‌వే 192.168.10.1 అని ఎవరో పెట్టారు. పక్కనున్న కంప్యూటర్‌తో మాట్లాడుతోంది, నెట్ మాత్రం రాదు. ఎందుకు? స్లాష్ 26 అంటే చిరునామాలు 64 చొప్పున కట్టలు కట్టినట్టు. 0 నుంచి 63 ఒక కట్ట, 64 నుంచి 127 రెండోది, 128 నుంచి 191 మూడోది, 192 నుంచి 255 నాలుగోది. మన 77 రెండో కట్టలో ఉంది. గేట్‌వే 1 మొదటి కట్టలో ఉంది. బయటికి వెళ్లే గుమ్మం తను ఉన్న కట్టలోనే ఉండాలి, ఇక్కడ లేదు. అంతే. ప్రతి కట్టలో మొదటిదీ చివరిదీ యంత్రాలకు ఇవ్వరు గనక మిగిలేవి 62. సబ్‌నెట్టింగ్ అని పిల్లలు నిద్ర మానుకునే పాఠం చాలావరకు ఈ కట్టలు కట్టడమే. రోజూ పది లెక్కలు చేస్తే మూడు వారాల్లో నోటికి వస్తుంది.

హైదరాబాదు వచ్చి హాస్టల్లో ఉండే స్తోమత లేకపోతే? ఊళ్లోనే ఉండి చదవచ్చు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ 1997 నుంచి నడుస్తోంది. అందులో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది. స్విచ్‌లు, రూటర్లు, వైర్లు అన్నీ తెర మీదే పేర్చుకుని, కట్టి, చెడగొట్టుకోవచ్చు. సీసీఎన్ఏకి కావలసిన అభ్యాసం చాలావరకు దాని మీదే అయిపోతుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల నెట్‌వర్కింగ్ పాఠాలు కూడా ఉచితమే. ఐటీఐలో కోపా చేసినవాళ్లు, నైలిట్ ఓ లెవెల్ చదివినవాళ్లు ఈ దారికి కొత్తవాళ్లేమీ కాదు, సగం పునాది వేసుకున్నవాళ్లే. ఊళ్లో ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్ వెంట నెలరోజులు తిరిగినా తప్పులేదు. ఆయనకు ఓఎస్ఐ ఏడు పొరల పేర్లు తెలియకపోవచ్చు. వానాకాలంలో ఫైబర్ ఎక్కడ తెగుతుందో మాత్రం ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

తల్లిదండ్రులు కూడా వింటూ ఉంటారు గనక ఇది గట్టిగానే చెప్పాలి. కోర్సు అయ్యాక ఎవరో ఒకరు వచ్చి, "ఫ్రెషర్ అంటే పిలవరండీ, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, జీతం రెట్టింపు" అంటారు. లెటర్లు, జీతం స్లిప్పులు, అన్నీ తయారుచేసి ఇస్తామంటారు. ఒప్పుకోవద్దు. ఈరోజుల్లో పీఎఫ్ ఖాతా నంబరు ఒక్కటి చాలు, ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో బయటపడటానికి. చేరిన ఏడాదికి వెరిఫికేషన్‌లో దొరికి, మధ్యాహ్నం లోపు ల్యాప్‌టాప్ అప్పగించి బయటికి వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత నిజమైన అనుభవం చెప్పినా ఎవరూ నమ్మరు.

మొదటి ఉద్యోగం గొప్పగా ఉండదు, ముందే తెలుసుకోండి. డెస్క్‌టాప్ సపోర్ట్ అంటారు, ఫీల్డ్ ఇంజనీర్ అంటారు, నాక్ అంటారు. ఫీల్డ్ ఇంజనీర్ అంటే బ్యాగులో టూల్‌కిట్ వేసుకుని బైకు మీద బ్యాంకు శాఖల చుట్టూ తిరగడం. నాక్ అంటే నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే గది, రాత్రి షిఫ్టులు తప్పవు. ఆడపిల్లల్ని రాత్రి షిఫ్టుకు పంపాలా అని ఇళ్లలో మథనపడతారు. కంపెనీ క్యాబ్ ఉందా, ఇంటి గుమ్మం దాకా దింపుతారా అని అడిగి తెలుసుకోండి, అడగడానికి మొహమాటమొద్దు. అంతేగాని "నెట్‌వర్కింగ్ మగపిల్లల పనిలే" అని మాత్రం అనకండి. నిచ్చెన ఎక్కడం ఒక్కటే నెట్‌వర్కింగ్ కాదు. పని ఎక్కడుంటుందన్న బెంగ కూడా అక్కర్లేదు. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను హైదరాబాదులో తెరిచింది. విశాఖలో పెద్ద డేటా సెంటర్ పెడతామని 2025లో గూగుల్ ప్రకటించింది. క్లౌడ్ అని ఎంత తేలిగ్గా అన్నా, దాని కింద ఉండేవి ఇవే స్విచ్‌లు, ఇవే వైర్లు. డేటా సెంటర్ కట్టిపూర్తయ్యాక అందులో ఉండే మనుషులు తక్కువే, ఆ మాట కూడా దాచను. కానీ ఆ తక్కువమంది పని తెలిసినవాళ్లై ఉండాలి.

తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషుకు భయపడతారు. ఈ పనిలో కావలసింది ఉపన్యాసం దంచే ఇంగ్లీషు కాదు, టికెట్ రాసే ఇంగ్లీషు. వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒక టికెట్ ఉంటుంది, అందులో మీరు చేసింది రాయాలి. "చూశాను, పనిచేయడం లేదు" అని రాస్తే తర్వాతి షిఫ్టు వాడు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎన్నింటికి చూశారు, ఎంతమందికి ఇబ్బంది, గేట్‌వేకి పింగ్ వెళ్లిందా, కేబుల్ మార్చి చూశారా, ఇంకా ఏం మిగిలింది అన్నవి ఐదు చిన్న వాక్యాల్లో వస్తే చాలు. వ్యాకరణం తప్పినా ఎవరూ పట్టించుకోరు. ప్యాకెట్ ట్రేసర్‌లో అభ్యాసం చేసేటప్పుడే ప్రతి లోపానికీ ఇలాంటి ఐదు వాక్యాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి. నా ముందుకు అలాంటి పుస్తకంతో వచ్చినవాళ్లను నేను సర్టిఫికెట్ చూడకముందే సగం ఎంచుకుంటాను.

చివరగా డబ్బు మాట ఒకటి మిగిలింది. చాలా కంపెనీల్లో పరీక్ష పాసైతే ఫీజు తిరిగి ఇచ్చే పద్ధతుంది. చేరాక రాసే పరీక్షలకు అది వర్తిస్తుంది. అందుకని స్తోమత లేనివాళ్లు ముందు చదువు పూర్తిచేసి, పని వచ్చని నిరూపించుకుని చిన్న ఉద్యోగంలో చేరి, ఆ మీదట పరీక్ష రాసినా తప్పేమీ కాదు. అప్పు చేసి ముందే రాయాలని ఎక్కడా లేదు. ఆఫర్ లెటర్ ఇచ్చే రోజున హెచ్‌ఆర్ వాళ్లను ఈ విషయం సూటిగా అడగండి. రసీదు మీ పేరు మీదే తీసుకోండి.